ఇల్లాలు – హెక్సు ఎడిటరు

చెరుగుటకు చాట మేలా, జల్లెడ మేలా యని యడిగినచో ఏ యిల్లాలును వెంటనే బదులు చెప్పదు. "ఏమి గింజలు? అందేమి కలిసినది?" అని ముందుగా తానే యడుగును. పొల్లు కలిసినచో చాట కావలయును. నూక కలిసినచో జల్లెడ కావలయును. ఇసుక కలిసినచో నీటిలో గాలింపవలయును. పనిముట్టు మంచిచెడ్డలు చేయవలసిన పనినిబట్టి యుండును. హెక్సు ఎడిటరు అను నొక కంప్యూటరు పనిముట్టును గూర్చి నేడు మేము వ్రాయబూనితిమి. పేరు క్రొత్తగా దోచినను, దానిని ఎంచుకొను తీరు మనకు క్రొత్త గాదు.

దీనితో గృహిణులకేమి పని యని కొందరు నవ్వవచ్చును. నేడు ఏ యింట జూచినను పసుపు కుంకుమల పెట్టెప్రక్కనే యొక పాత సీడీయో, పెన్ను డ్రైవో, పనికిరాని ఫోనులోని మెమొరీ కార్డో పడియుండును. అందు పెండ్లి ఫొటోలుండును; పోయిన పెద్దల ఉత్తరములుండును; పొలము కాగితముల నకళ్లుండును. ఒకనాడు దానిని తెరువబోగా "ఈ ఫైలు చెడిపోయినది" అను నొక మాట తెరమీద కనబడును. అంతట దానిని చెత్తలో వేయుటయే లోకాచారము. చెడిపోయినదని యంత్రము చెప్పినంత మాత్రమున లోపలి సరకంతయు చెడినట్లు కాదు. కుండ మూత రానిచో కుండను పారవేయుదుమా? మూతను నమ్ముకొనక లోనికి తొంగి చూచు సాధనమే హెక్సు ఎడిటరు.

మాకీ సాధనముతో పని యెట్లు కలిగెనో చెప్పెదము. మా అత్తగారు దేవరకొండ ప్రాంతమున పుట్టినవారు. బడిచదువు అయిదవ తరగతితో నిలిచినను ఆమె చెవిచదువు గొప్పది. ముప్పదియేండ్లపాటు డిండి వాగున కిరువైపుల నున్న యూళ్లలో, అనగా నల్లగొండ పాలమూరు సీమలు కలియు మెట్టపల్లెలలో, విసురురాతి పాటలు, కలుపు పాటలు, బతుకమ్మ పాటలు, అప్పగింతల పాటలు ఆడవారి నోట విని మూడు నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. మొత్తము 118 పాటలు. 2003లో ఆ పుస్తకములను పట్టణములోని యొక డీటీపీ కేంద్రమునకిచ్చి టైపు చేయించిరి. అచ్చునకు సొమ్ము చాలలేదు. ఒక సీడీమీద వ్రాయించి తెచ్చి పెట్టెలో దాచిరి. పిమ్మట నోటుపుస్తకములను చెదలు తినినవి. ఆ కేంద్రమును మూతపడినది.

ఇప్పుడామెకు ఎనుబదియేండ్లు దాటినవి. పేర్లు మరచుచున్నారు, పాటలును ఒక్కొక్కటిగా జారిపోవుచున్నవి. ఆ 118 పాటలలో ఒక్కటి ఆమె తల్లిగారు స్వయముగా కట్టినది. కూతురిని డిండి వాగు దాటించి అత్తవారింటికి పంపునాడు, బతుకమ్మ పాటల వరుసలో కట్టిన యప్పగింతల పాట యది. తక్కిన పాటలు మరియొక యూరిలో మరియొకరి నోట దొరకవచ్చును. ఈ పాట లోకమున నింకెచ్చటను లేదు. దానిలో మొదటి రెండు చరణములు మాత్రమే అత్తగారికి నిలిచినవి.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. సెలవుదినమున సీడీని కంప్యూటరులో పెట్టగా నది గీతలుపడి యుండుటచే చదువుటకు మొరాయించెను. దెబ్బతిన్న తావులను మరల మరల ప్రయత్నించి చదువు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అను నుచిత ప్రోగ్రాముతో మూడు రాత్రులు శ్రమించి, వచ్చినంతవరకు నకలు తీసిరి. అందొక వర్డు ఫైలున్నది. వర్డు దానిని తెరువనన్నది. తెరచినను చిక్కు తీరెడిది కాదు. ఆ టైపు యూనికోడు రాకమునుపటి యొక ఫాంటుతో చేసినది. ఆ ఫాంటు పేరు వ్రాసియుండు తుదిభాగమే చెడినది.

ఈ ఫాంటుల సంగతి కొంచెము తెలియవలయును. ప్రతి యక్షరమునకు ప్రపంచమంతట నొకే సంఖ్య నిచ్చు ఏర్పాటు యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే తెలుగునకు 128 తావులు కేటాయింపబడినవి. కాని మన అచ్చుకూటములకును డీటీపీ కేంద్రములకును అది చేరుటకు చాలకాలము పట్టెను. ఆ నడుమ ఫాంటులు చేయువారు ఎవరికి వారే ఆంగ్లాక్షరముల స్థానములలో మన తలకట్లను, గుడులను, కొమ్ములను, వత్తులను కూర్చుకొనిరి. ఒక ఫాంటులో తలకట్టు కూర్చుండిన పీటమీద మరియొక ఫాంటులో ఏత్వము కూర్చుండును. ఫాంటు పోయినచో ఏ పీట యెవరిదో చెప్పువారుండరు. ప్రసిద్ధములైన ఫాంటులనుండి యూనికోడులోనికి మార్చుటకు నాగార్జున వెన్నగారు చేసిన 'పద్మ' వంటి సాధనములు పుట్టి యెందరికో మేలు చేసినవి. మా ఫైలులోని ఫాంటు ఏదియో తెలియదు గనుక మార్పిడి సాధనములు మాకు పనికిరాలేదు. మేమే దానిని విప్పుకొనవలసివచ్చెను.

ఇక హెక్సు అననేమి? కంప్యూటరులోని ప్రతి వస్తువును, పాటయైనను ఫొటోయైనను, బైటులను చిన్నగింజల వరుసయే. ఒక్కొక్క బైటు విలువ సున్న మొదలు 255 వరకు నుండును. దానిని పదునారింటి లెక్కలో రెండంకెలుగా చూపుటయే హెక్సు. పదునారింటి లెక్క మన పెద్దలకు బాగుగా తెలిసినదే. 1957లో నయాపైసలు వచ్చువరకు రూపాయికి పదునారణాలు గదా! నిండుదనమును చెప్పవలసినచో నేటికిని 'పదహారణాల తెలుగు' అనుచున్నాము. ఎడమయంకె రూపాయలు, కుడియంకె అణాలు అని తలపుడు. 53 అని యున్నచో అయిదు రూపాయల మూడణాలు. అనగా అయిదు పదునారులు ఎనుబది, మూడు కలుప 83. పది మొదలు పదునైదు వరకు ఒకే గుర్తు కావలయును గనుక ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అను ఆంగ్లాక్షరములను వాడుదురు. పదునైదు రూపాయల పదునైదణాలు, అనగా ఎఫ్ఎఫ్, అన్నిటికంటె పెద్దది, అదియే 255. యూనికోడును ఫైలులో వ్రాయు ప్రసిద్ధమైన పద్ధతిలో మన 'అ'కారము మూడు బైట్లు: ఈ0 బీ0 85.

హెక్సు ఎడిటరు తెరమీద నీ గింజలను సాధారణముగా వరుసకు పదునారు చొప్పున, చుక్కల ముగ్గువలె పరచి చూపును. ఎడమప్రక్క వరుస సంఖ్య, నడుమ బైట్లు, కుడిప్రక్క వానికి సరియగు నక్షరములు. వాకిట ముగ్గును చూచి యిల్లు గుర్తించునట్లు మొదటి బైట్లను చూచి ఫైలు జాతిని గుర్తింపవచ్చును. జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్ డీ8 అని మొదలిడి ఎఫ్ఎఫ్ డీ9తో ముగియును. పీడీఎఫ్ శాతపు గుర్తును, పీ డీ ఎఫ్ అను నక్షరములను ధరించి వచ్చును. నేటి వర్డు ఫైలు నిజమునకొక జిప్ మూట. దాని మొదట పీ, కే అని యుండును. అవి ఆ మూటకట్టు పద్ధతిని కల్పించిన ఫిల్ కట్జ్ పేరిలోని తొలి యక్షరములు. 2003 నాటి వర్డు ఫైలు మొదట డీ0 సీఎఫ్ 11 ఈ0 అని యుండును. సున్నను 'ఓ'గా, ఒకట్లను 'ఐ', 'ఎల్'లుగా భావించి చూచినచో 'డాక్‌ఫైల్' అను నాంగ్లపదము కానవచ్చును. మా ఫైలు వాకిట నీ ముగ్గు చెక్కుచెదరక యున్నది. ఇల్లు మనదే, గోడ యొకటి కూలినదని మాకు ధైర్యము కలిగెను.

తెరమీది యక్షరమును నమ్మక బైట్లను చూచుట యెందులకను సందేహమునకొక నిదర్శనము. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' తెరమీదికి వచ్చినంతనే ఆపిల్ వారి ఫోనులలోని సందేశములు చూపు ప్రోగ్రాములు కుప్పకూలినవి. లోకమంతయు మన యక్షరమును వింతగా చూచెను. కంటికది యొక్క యక్షరమే. లోపల జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని యొక విడదీత గుర్తు, దీర్ఘము అని అయిదు వస్తువులు. ఆ కనబడని గుర్తు బైట్లలో మాత్రము ఈ2 80 8సీ అని స్పష్టముగా కూర్చుండి యుండును. దోషము మన యక్షరమునందు లేదు, దానిని గీయు ప్రోగ్రామునందున్నది. ఆ నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 వెలువరించి వారు దానిని సవరించిరి. కన్ను చూడలేనిదానిని బైటు దాచలేదనుటకు నింతకంటె వేరు సాక్ష్యమేల?

ఇప్పుడు ఎంపిక సంగతి. మేము మొదట విధించుకొన్న నియమము: సాధనము చూపవలయును గాని చెరుపరాదు. నల్లగొండ చెంత పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయమును, ఛాయాసోమేశ్వరాలయమును చూచినవారెందరో యుందురు. అటువంటి చోట్ల శాసనములను చదువు పండితులు రాతిని చెక్కరు, గీకరు. తడికాగితమును రాతిపై పరచి, కుంచెతో మెల్లగా తట్టి, సిరా అద్ది, ముద్ర తీసికొని, ఆ కాగితమును చదువుకొందురు. మేమును అట్లే చేసితిమి. సీడీనుండి తీసిన నకలును అంటకుండ నుంచి, దానికొక నకలు తీసి దానిమీద మాత్రమే పనిచేసితిమి. రెండు నకళ్లు ఒక్కటియే యని నిశ్చయించుకొనుటకు షా 256 అను ముద్ర కలదు. ఫైలంతటిని లెక్కగట్టి 64 గుర్తుల వరుసగా నిచ్చును. ఒక్క బైటు మారినను ఆ వరుస మారిపోవును. నగలను పెట్టెలో పెట్టునపుడు లెక్కవేసి వ్రాసికొనునట్లు మేము దీనిని కాగితముమీద వ్రాసికొంటిమి.

ఇందులోనే మరియొక సూక్ష్మము కలదు. ఎడిటరులో ఒక బైటును మార్చుట వేరు, నడుమ క్రొత్తదానిని జొనుపుట వేరు. ముగ్గులో ఒక చుక్క రంగు మార్చినచో ముగ్గు నిలుచును. వరుస నడుమ నొక చుక్క నధికముగా పెట్టినచో ఆపై గీత లన్నియు పక్కకు జరిగి ముగ్గు చెడును. ఫైలునకును అంతియే. కావున పొరపాటున మీట తగిలినను క్రొత్త బైటు జొరబడనీయనిదియు, మారినచోటును వేరు రంగుతో చూపునదియు మేలు.

రెండవ నియమము: వెదకుటలో నేర్పరియై యుండవలయును. ఫలానా బైట్ల వరుస ఎచ్చటెచ్చట వచ్చినదో, ఎన్నిమారులు వచ్చినదో చూపవలయును. మూడవది: మాకు తోచిన యక్షరముల పట్టికను మేమే వ్రాసి యిచ్చినచో, దాని ప్రకారము కుడిప్రక్క తెలుగును చూపగలుగవలయును. మా పనికి ఈ మూడవదియే ప్రాణము. నాలుగవది: ఉపాధ్యాయుని యింటి జీతమునకు తగియుండవలయును.

దొరకు సాధనములను వరుసగా చూచితిమి. హెచ్ఎక్స్‌డీ అనునది విండోసుమీద నడచును, వెల లేదు, తేలికయైనది, ఎంత పెద్ద ఫైలునైనను చిటికెలో తెరచును, రెండు ఫైళ్లను పోల్చును, పైని చెప్పిన ముద్రలను కట్టును, ఏ బైటు ఎన్నిమారులు వచ్చినదో లెక్క చూపును. క్రొత్తగా నేర్చువారికి దీనిని మించినది లేదు. 010 ఎడిటరు మిక్కిలి సమర్థమైనది. ఫైలు నిర్మాణమును ముక్కముక్కలుగా విడదీసి చూపు మూసలు దానికి కలవు. కాని కొన్నాళ్ల పరీక్ష ముగిసిన పిమ్మట వెల పెట్టవలయును. నిత్యము ఇదే వృత్తిగా నుండువారికి ఆ వెల దండుగ గాదు. లినక్సు వాడువారికి ఒక్టెటా, జీహెక్స్ కలవు. మాక్ యంత్రమువారికి హెక్స్ ఫీండ్ కలదు. ఇమ్‌హెక్స్ అనునది మూటిమీదను నడచును, వెల లేదు, దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, నిర్మాణమును వర్ణించుటకు దానికొక చిన్నభాషయే కలదు. అన్నిటికంటె మాకు నచ్చినది, మనము వ్రాసిన యక్షరపట్టికను అది గైకొనును. ఎడమ బైటు, నడుమ సమానచిహ్నము, కుడి యక్షరము. వరుసకొకటి చొప్పున వ్రాసి యిచ్చినచో చాలును. దోషమనదగినది, పాతయంత్రములమీద కొంత బరువుగా నడచును.

మేము తొలి చూపునకును పోల్చుటకును హెచ్ఎక్స్‌డీని, విప్పుటకు ఇమ్‌హెక్స్‌ను ఎంచుకొంటిమి. చాటయు జల్లెడయు రెండును ఇంట నుండవచ్చును గదా! అయితే ఇవి ప్రోగ్రాముల గుట్టును విప్పుటకు చాలవని యెరుగవలయును. దానికి 2019లో అమెరికా జాతీయ భద్రతా సంస్థవారు అందరకు విడిచిన ఘిడ్రా వంటి పెద్ద సాధనములు వేరుగా నున్నవి. హెక్సు ఎడిటరు చీకటింట తొలిదీపము.

దీపము చూపును, చదువవలసినవారము మనమే. ఎట్లు మొదలుపెట్టవలెనో తోచక కొన్నిదినములు బైట్లనే చూచుచు కూర్చుంటిమి. అప్పుడు బ్రాహ్మీలిపి కథ జ్ఞప్తికి వచ్చినది. 1837లో జేమ్సు ప్రిన్సెప్ సాంచీస్తూపపు కటకటాలమీది చిన్న శాసనములను చూచుచు, అవి చాలవరకు ఒకే రెండక్షరములతో ముగియుట గమనించెను. ఇవి దాతలు చెక్కించినవైనచో ఆ తుదిమాట 'దానం' అయియుండవలెనని యూహించెను. ఆ రెండక్షరములు పట్టుబడగా తక్కినవి క్రమముగా లొంగినవి. ఆ దాతలలో స్త్రీలు పెక్కుమంది యుండిరని కూడ ఆ శాసనములే చెప్పినవి.

మన పాటలకును తుదిమాట కలదు గదా! బతుకమ్మ పాటలలో చరణము చరణమునకు 'ఉయ్యాలో' వచ్చును. కొన్నిట 'చందమామ', కొన్నిట 'గౌరమ్మ'. ఫైలులో ప్రతి పంక్తి తుదిని 0డీ అను బైటుండును. దానికి ముందేమున్నదో వెదకగా, ఏడు బైట్ల గుంపొకటి వందలమారులు కనబడినది. అదియే ఉయ్యాలో! దానితో ఉకారము, యకారము, దాని వత్తు, దీర్ఘము, లకారము, ఓత్వము చేజిక్కినవి. వేరొక చోట పంక్తుల తుదిని మరియొక గుంపు దొరికినది. అందు నడుమనున్న దీర్ఘపు గుర్తు ఉయ్యాలోలోని 'యా' దీర్ఘమే. మకార యకారములకు దీర్ఘ మొకే తీరున పెట్టుదురు గనుక అది చందమామ యని తేలినది. చందమామ మకారమునిచ్చెను, మకారము గౌరమ్మను చూపెను. అమరకోశము, భారతము తప్ప వేరుచదువు లేక తండ్రిగారి యొద్దనే చదువుకొన్న మాకు, గుణింతములు మొదలిడి నేర్చుకొన్న నాటి సంతోషమే మరల కలిగెను.

మూడునెలల సాయంకాలములలో నూట యరువది గుర్తులు పట్టికలోనికి ఎక్కినవి. కొన్ని గుర్తులు ఎంతకును తేలలేదు. అట్టివానిని అత్తగారి చెంత కూర్చుండి పైకి చదువుచుంటిమి. ఒకనాడు ఒక బైటు వకారమో పకారమో తెలియక రెండువిధములను చదివితిమి. కన్నులు మూసికొని యున్న యత్తగారు, "అది వాగు బిడ్డా, మన డిండి వాగు. ఎండకాలంల గూడ మా అమ్మ నన్ను ఒక్కదాన్ని దాటనియ్యకపోయేది" అనిరి. అదే ఆమె తల్లిగారి పాట యని మాకప్పుడే తెలిసినది. యంత్రమునకు తెలియని గుర్తును ఆమె చెవి గుర్తించినది. ఆమె మూడవ చరణమును, నాలుగవ చరణమును మాతోపాటు పాడిరి. మరచితిననుకొన్నవి వానంతట అవియే నోటికి వచ్చినవి.

ఏడు చరణములైన పిమ్మట బైట్లన్నియు సున్నలు. వరుస వెంబడి వరుస 00 00 00. సీడీమీద సమాచారము 2048 బైట్ల ముక్కలుగా నుండును. గీతపడిన మూడు ముక్కలు చదువబడక సున్నలుగా మిగిలినవి. అత్తగారి లెక్కలో ఆ పాటకు పదునొకండు చరణములు. తుది నాలుగును ఆ గీతక్రింద పోయినవి. లేనిదానిని ఏ ఎడిటరును తేలేదు.

అప్పుడు మావారు, "నీకు కవిత చేతనగును గదా, ఆ నాలుగు చరణములు నీవే పూరింపరాదా? అమ్మ సంతోషించును" అనిరి. పూరించుట కష్టము గాదు. వరుస తెలియును, మాట తెలియును. హెక్సు ఎడిటరులో ఆ సున్నలమీదనే వ్రాయవచ్చును. వ్రాసినచో ఇది పాతది, ఇది క్రొత్తది యని పిమ్మటివారెవరును కనిపెట్టలేరు. ఆ సౌలభ్యమే మమ్ము భయపెట్టినది. తాటాకు ప్రతులను పరిష్కరించిన మన పెద్దలు పురుగు తిన్నచోట 'గ్రంథపాతము' అని వ్రాసి చుక్కలు పెట్టి విడిచిరి. తమకు కవిత్వము రాక విడిచిరా? కవి మాటకును తమ మాటకును నడుమ గీత చెరగరాదని విడిచిరి. ఒక తల్లి తన కూతురికి చెప్పిన కడపటిమాట కోడలి చేతివ్రాతలో నుండరాదు. అత్తగారితో ఈ సంగతి చెప్పగా కొంతసేపు ఊరకుండి, "పోయింది పోనియ్యి బిడ్డా. ఉన్నకాడికి సక్కగ రాయి" అనిరి. మేము ఏడు చరణముల క్రింద చుక్కలు పెట్టి, నాలుగు చరణములు గ్రంథపాతమని వ్రాసితిమి.

మొత్తముమీద 118 పాటలలో 109 పూర్తిగా దక్కినవి, ఆరు అసంపూర్ణములు, మూడింటికి పేరు తప్ప మిగులలేదు. అన్నిటిని యూనికోడులో, ఏ ప్రోగ్రామైనను తెరువగల వట్టి పాఠ్యముగా దాచితిమి. యూనికోడులో ఒకసారి యొక యక్షరమునకిచ్చిన సంఖ్యను మరల మార్చరాదని నియమము కలదు. కావున నేటి 'అ' రేపు మరియొక పీట యెక్కదు. మూడుచోట్ల మూడు నకళ్లుంచి, కాగితముమీద నొక ప్రతి తీసి దారముతో కుట్టించితిమి.

మన సీమకు ఈ పని క్రొత్తది గాదు. నల్లగొండలో 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నీలగిరి పత్రికను నడపిరి. నాటి పాలమూరు జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరన్న మాటకు బదులుగా 354 కవుల కవితలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. కవులుండిరి, వారి కాగితములు ఇండ్లలో మూలబడి యుండెను. చదువబడనిది లేనిదానిక్రిందనే లెక్క. నాడు కాగితములు మూలబడినట్లు నేడు బైట్లు మూలబడియున్నవి. కాగితమైనచో మనుమరాలు తెరచి చదువుకొనును. బైట్లను చదువుటకు ఫాంటు కావలయును, యంత్రము కావలయును, అవి యీ పాతికేండ్లలోనే మాయమగుచున్నవి. 2000 నాటి సీడీలు ఇప్పుడే మరణించుచున్నవి గనుక ఈ పనికి గడువు తక్కువ.

కావున సోదరీమణులారా, మీ పెట్టెలలోని సీడీలను ఈ నెలలోనే బయటికి తీయుడు. మొదట నకలు తీయుడు. ముద్ర కట్టి వ్రాసికొనుడు. నకలుమీద మాత్రమే చేయి పెట్టుడు. తొంగి చూచుటకు తేలికయైన ఎడిటరు చాలును. లిపి విప్పవలసినచో పట్టికను గైకొనుదానిని ఎంచుకొనుడు. ఫైలు నిర్మాణమే విప్పవలసినచో మూసలుగల దానికి వెల పెట్టుడు. పల్లవి యెరిగిన పెద్దలు ఇంట నుండగనే వారి ప్రక్కన కూర్చుండి ఆ పని చేయుడు. దొరకినది దొరకినట్లు వ్రాయుడు. దొరకనిచోట చుక్కలు పెట్టుడు.